మెగ్వయర్స్ అల్టిమేట్ పాలిష్: చేత్తో రుద్దితే ఎంతవరకు పనిచేస్తుంది?

మా కారు ముదురు నీలం రంగుది, కొని ఏడేళ్లయింది. కూకట్‌పల్లిలోని మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో ఉన్నంతసేపూ బాగానే కనిపించేది కానీ, ఎండలోకి తీయగానే బానెట్ మీద పడే సూర్యుడి వెలుగు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు వలయాలుగా తేలేవి. కారణం తెలియనిది కాదు. ఈ నగరంలో చాలా అపార్ట్‌మెంట్లలో జరిగినట్టే మా దగ్గరా తెల్లవారుజామున ఒకే బకెట్టు నీళ్లతో, ఒకే గుడ్డతో వరుసగా కార్లన్నీ తుడవడం అలవాటు. ఆ గుడ్డలో చిక్కుకున్న ఇసుక రేణువులు రోజూ రంగు పైపొరను గీస్తూనే ఉంటాయి. దానికి తోడు బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు, చుక్క ఆరిన చోటల్లా తెల్లమచ్చగా మిగిలిపోతాయి.

రెండేళ్ల క్రితం ఒక వర్క్‌షాపులో మెషీన్ పాలిష్ చేయించాను. ఆ రోజు కారు అద్దంలా మెరిసింది. నాలుగైదు సార్లు కడిగేసరికి పాత గీతలన్నీ మళ్లీ బయటపడ్డాయి. పైగా రోటరీ మెషీన్‌ను, అంటే ప్యాడ్‌ను గుండ్రంగా తిప్పే యంత్రాన్ని, సరిగ్గా నడపకపోతే ఏర్పడే నీడల వంటి చారలు తలుపుల మీద కొత్తగా చేరాయి. ఆ అనుభవం తర్వాతే, ఆలస్యమైనా సరే, చేత్తో చేసుకోవాలని నిశ్చయించుకుని మెగ్వయర్స్ వారి ఈ అల్టిమేట్ పాలిష్ కొన్నాను.

1901లో అమెరికాలో ఫర్నిచర్ పాలిష్‌తో మొదలైన సంస్థ మెగ్వయర్స్; 2008లో త్రీఎం సంస్థ దీనిని కొనుగోలు చేసింది. నేను తీసుకున్నది 473 మిల్లీలీటర్ల సీసా. కొనేముందు ఒక్క విషయం స్పష్టంగా తెలుసుకోవాలి, ఎందుకంటే మన దుకాణాల్లో కాంపౌండ్‌ను, పాలిష్‌ను, వ్యాక్స్‌ను కలిపి అన్నింటినీ పాలిష్ అనే పిలుస్తారు. కాంపౌండ్ రంగు పైపొరను కొంత అరగదీసి గీతను తగ్గిస్తుంది. వ్యాక్స్ అరగదీయదు, పైన పూతగా నిలిచి కాపాడుతుంది. ఈ అల్టిమేట్ పాలిష్ ఆ రెండింటికీ మధ్యలోది: అతి సన్నని గీతలను మృదువుగా చేసి, వ్యాక్స్ వేసేముందు రంగుకు లోతును, నిగారింపును ఇవ్వడం దీని పని. లోతైన గీతలకు ఇదే సంస్థ అల్టిమేట్ కాంపౌండ్ అనే వేరే సరుకును అమ్ముతుంది. ఈ తేడా తెలియకుండా కొన్నవారు నిరాశపడతారు, ఆ నిరాశకు పాలిష్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు.

అసలు శ్రమంతా పాలిష్‌కు ముందే ఉంది. కారు షాంపూతో రెండు బకెట్ల పద్ధతిలో, అంటే ఒకదానిలో నురుగు నీళ్లు, మరొకదానిలో గుడ్డ జాడించుకోవడానికి మంచినీళ్లు పెట్టుకుని కడిగాను. తర్వాత చేతివేళ్లకు పలుచని ప్లాస్టిక్ కవరు తొడిగి బానెట్ మీద నిమిరి చూస్తే, కంటికి కనిపించని గరుకుదనం స్పష్టంగా తెలిసింది. కడిగినా పోని ఆ మురికిని క్లే బార్‌తో, అంటే మురికిని అంటించుకుని లాగేసే మెత్తని ముద్దతో, కందెన ద్రవం ధారాళంగా చల్లుతూ తీసేశాను. ఈ మెట్టును వదిలేస్తే ఆ మురికినే పాలిష్‌తో కలిపి రంగు మీద రుద్దినట్టవుతుంది. నల్ల ప్లాస్టిక్ అంచులకు మాస్కింగ్ టేపు అంటించాను. పాలిష్ వాటిలో ఇంకి ఆరితే ఆ తెల్లదనం ఒక పట్టాన వదలదు.

మన ఎండల్లో బయట నిలిపిన కారు రేకు మీద చెయ్యి కూడా పెట్టలేము, అటువంటి వేడి మీద పాలిష్ వేస్తే రుద్దకముందే ఆరిపోతుంది. అందువల్ల ఉదయం ఆరున్నరకు సెల్లార్‌లోనే మొదలుపెట్టాను. ఫోమ్ ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు నాలుగు వేసుకుని, ఒకసారికి రెండడుగుల చదరం మాత్రమే ఎంచుకుని, మొదట నిలువుగా, తర్వాత అడ్డంగా, వేలికొనలతో కాక అరచేతితో సమానంగా ఒత్తుతూ రుద్దాను. గుండ్రంగా తిప్పడం కన్నా ఇది మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే పొరపాటున గీత పడినా వలయంగా పడిన దానికన్నా తక్కువగా కనిపిస్తుంది. రుద్దిన చోటును వెంటనే శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే పక్క చదరానికి వెళ్లాను. ఒక్క బానెట్‌కే ముప్పావు గంట పట్టింది, కారు మొత్తం ముగిసేసరికి భుజాలు పట్టేశాయి.

ఫలితం గురించి తూకం వేసి చెప్పాలి. సెల్లార్‌లోని ట్యూబ్‌లైటు వెలుగు ఇదివరకు బానెట్ మీద పొగమంచులోంచి వచ్చినట్టు అలుక్కుపోయి కనిపించేది, ఇప్పుడు దాని అంచులు కత్తితో కోసినట్టు స్పష్టంగా ఉన్నాయి. నీలం రంగు మరింత చిక్కబడింది. వలయాల గీతల్లో సన్ననివి బాగా తగ్గాయి, మధ్యరకంవి కొద్దిగా మెత్తబడ్డాయి, గోరుకు తగిలేవి మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. చేతి బలానికి ఇంతకన్నా ఎక్కువ ఆశించకూడదు, ఆశించడం క్షేమమూ కాదు: రంగు మీద ఉండే పారదర్శకమైన పైపొర, అంటే క్లియర్ కోట్, సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్ల మందమే ఉంటుంది, అది తల వెంట్రుక కన్నా పలుచన. ప్రతి గీతనూ తీసేయాలన్న పట్టుదలతో ఆ పొరను పోగొట్టుకుంటే మళ్లీ రంగు వేయించడం తప్ప దారి లేదు. పక్క ఫ్లాటు వారి తెల్ల కారు తలుపు మీద కూడా కొంచెం వేసి చూశాము, తేడా దాదాపు తెలియలేదు. ముదురు రంగుల వారికే ఈ శ్రమకు తగిన ఫలం కనిపిస్తుంది.

పాలిష్ మాత్రమే వేసి వదిలేయకూడదు కాబట్టి, అదే సాయంత్రం పైన వ్యాక్స్ పూత వేశాను. మరునాడు వాచ్‌మన్‌కు నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు ఇచ్చి, మా కారును ఇకమీద పొడి దుమ్ము మీద తుడవవద్దని, కడగడం ఆదివారాల్లో నేనే చూసుకుంటానని చెప్పాను.