జూలియా చైల్డ్, మధుర్ జాఫ్రీ: తెర మీది వంటకు రెండు దారులు

టెలివిజన్‌లో వంటలు నేర్పి పేరు పొందిన అమెరికన్ జూలియా చైల్డ్, ఢిల్లీలో పుట్టిన మధుర్ జాఫ్రీ ఇద్దరూ మొదట వేరే వృత్తుల్లో ఉన్నవారే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా గూఢచార సంస్థ ఉద్యోగిగా సిలోన్, చైనాలలో పనిచేసిన జూలియా, 1949లో పారిస్‌లోని కోర్డాన్ బ్లూ వంట పాఠశాలలో చేరి, 1963లో, యాభై ఏళ్ల వయసులో, బోస్టన్ నుంచి ఫ్రెంచి వంటల కార్యక్రమం మొదలుపెట్టారు. పొరపాటు జరిగితే దాచక, ప్రేక్షకుల ముందే సరిదిద్దడం ఆమె పద్ధతి.

మధుర్‌ది బడిలో నేర్చిన వంట కాదు. నటన నేర్చుకోవడానికి లండన్ వెళ్లిన ఆమె, అక్కడి తిండి సహించక, తల్లి ఉత్తరాల్లో రాసి పంపిన వివరాలను బట్టి వండుకోవడం మొదలుపెట్టారు. 1965లో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి అందుకున్నారు. 1982లో బీబీసీలో భారతీయ వంటలు చూపించిన తరువాత కూడా నటనను వదలలేదు. పక్కన నిలబడి చూపేవారు లేకుండా, కేవలం మాటల ఆధారంగా నేర్చుకున్న అనుభవమే, మన పోపు సంగతి ఎరుగని బ్రిటిష్ ప్రేక్షకులకు ప్రతి మెట్టునూ విడమరిచి చెప్పడంలో ఆమెకు తోడ్పడిందని నేను నమ్ముతున్నాను. శాస్త్రీయమైన శిక్షణలో జూలియాదే పైచేయి అయినా, పరాయి దేశంలో అమ్మ చేతి రుచిని వెతుక్కునే తెలుగువారికి మధుర్ దారి మరింత దగ్గరిది.