మ్యూనిక్ వెళ్తే ఎడెకాలో ఒక గంట గడపండి

ఈమధ్య మన గుంటూరు, బెజవాడల నుంచి జర్మనీలో ఉంటున్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు బాగా ఎక్కువయ్యారు. మా బ్రాడీపేటలోనే వీధికి ఒకరిద్దరు ఉంటారు. వెళ్లొచ్చినవాళ్లను కదిలిస్తే కోటలు, చర్చిలు, స్విట్జర్లాండ్ మంచు, ఫోన్ నిండా అవే ఫోటోలు. అవి చూడొద్దని నేను అనను కానీ, అక్కడి జనం ఇంట్లో ఏం తింటారో, దేనికి విలువిస్తారో తెలియాలంటే మాత్రం కూరగాయల సంచి పట్టుకుని సూపర్‌మార్కెట్‌కి వెళ్లాల్సిందే. నేను రాస్తున్నది మ్యూనిక్‌లో మా అమ్మాయి వాళ్ల ఇంటి దగ్గరున్న ఎడెకా గురించి.

ముందు ఆ సంస్థ సంగతి చెప్పాలి, ఎందుకంటే నాకు అన్నిటికంటే నచ్చింది అదే. ఎడెకా ఇవాళ జర్మనీలో అతిపెద్ద సూపర్‌మార్కెట్ సంస్థ. కానీ దాని మూలం 1898లో బెర్లిన్‌లో కొంతమంది కిరాణా కొట్లవాళ్లు, సరుకు అందరూ కలిసి టోకున కొనుక్కుందామని పెట్టుకున్న సహకార సంఘం. ఇప్పటికీ చాలా ఎడెకాలకు విడిగా యజమానులుంటారు, బోర్డు మీద ఎడెకా పక్కనే ఆ యజమాని ఇంటిపేరు కూడా ఉంటుంది. బెజవాడ వన్‌టౌన్‌లో, మా గుంటూరు కొత్తపేటలో కుటుంబాలు తరాలుగా నడుపుతున్న కొట్లు పెద్ద మాల్స్ దెబ్బకి ఒక్కొక్కటే మూతపడుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఇలా కలిసి కొనుక్కునే పద్ధతి మన దగ్గర గట్టిగా ఎవరైనా మొదలుపెడితే బాగుండును.

లోపలికి వెళ్లగానే కూరగాయలు, పళ్లు. ప్రతి పండు దగ్గరా ఏ దేశం నుంచి వచ్చిందో, ఏ గ్రేడో రాసి ఉంటుంది. ప్యాకెట్ సరుకులకైతే అర అంచున అతికించిన ధర చీటీలోనే కిలోకి ఎంత, లీటరుకి ఎంత అని కూడా ఉంటుంది. మన దగ్గర కూడా ఇప్పుడు ప్యాకెట్ మీద గ్రాముకి ఎంతో వేస్తున్నారు, కానీ అది ఎక్కడో అడుగున కళ్లజోడు పెట్టుకుని వెతుక్కోవాలి. అక్కడ నిలబడ్డచోటే పెద్ద ప్యాకెట్ లాభమో చిన్నది లాభమో తేలిపోతుంది. నేను వెళ్లింది మే నెలలో, తెల్లటి ఆస్పరాగస్ అనే కూరగాయ సీజన్. మనకు ఆవకాయ కాయల కోసం ఎంత హడావుడో వాళ్లకు దాని కోసం అంత. ఎండ తగలకుండా మట్టి కప్పి పెంచుతారు కాబట్టి తెల్లగా ఉంటుందట. ఏప్రిల్‌లో మొదలై జూన్ 24తో కోత ఆపేస్తారు, మొక్క మళ్లీ వచ్చే ఏడాదికి కోలుకోవాలి కదా అని.

గుడ్ల దగ్గర మాత్రం నేను చాలాసేపు ఆగిపోయాను. మా అమ్మాయి "అమ్మా, డబ్బా తెరిచి గుడ్డు మీద చూడు" అంది. పెంకు మీద ఎర్ర సిరాతో 0-DE-09 అని మొదలై ఇంకొన్ని అంకెలు. మొదటి అంకె కోడి ఎలా బతికిందో చెబుతుంది: 0 అంటే ఆర్గానిక్ పెంపకం, 1 అంటే బయట తిరిగే కోడి, 2 అంటే షెడ్డులోనే వదిలేసి పెంచిన కోడి, 3 అంటే పంజరం. DE అంటే జర్మనీ, 09 అంటే మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రం, మిగతా అంకెలు ఏ ఫారమో, అందులో ఏ షెడ్డో చెబుతాయి. ఇది యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటిలోనూ ఉన్న రూలు. నేను చూసినంతలో 3 అంకె గుడ్డు ఆ అరలో ఒక్కటీ లేదు. గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే మన రాష్ట్రం మొదటి స్థానంలో ఉంది, పేపర్లో రోజూ గుడ్డు రేటు చూస్తాం, కొట్టుకెళ్లి "డజను ఎంత?" అని అడుగుతాం. అంతకుమించి ఆ గుడ్డు గురించి మనకు ఏమీ తెలియదు, అడిగినా చెప్పేవాళ్లుండరు. పెంకు మీద నాలుగు అంకెలు ముద్ర వేస్తే కొనేవాడు తనకు నచ్చింది ఎంచుకుంటాడు, మంచి ఫారం నడిపే రైతుకు నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి.

ఇక సీసాల మిషన్. నీళ్ల సీసా కొంటే దాని ధర కాక 25 సెంట్లు డిపాజిట్ కట్టాలి, ఇప్పటి లెక్కలో పాతిక రూపాయలకు పైనే. ఖాళీ సీసా తెచ్చి గోడలో ఉన్న గుండ్రటి రంధ్రంలో పెడితే మిషన్ దాన్ని గిర్రున తిప్పి బార్‌కోడ్ చదివి లోపలికి లాగేసుకుంటుంది. ఆఖర్న బటన్ నొక్కితే చీటీ వస్తుంది, బిల్లులో అంత తగ్గిస్తారు. నా ముందు ఒక పెద్దాయన రెండు సంచుల నిండా సీసాలు తెచ్చి ఓపిగ్గా ఒక్కొక్కటే వేస్తున్నాడు, వెనక ఎవరూ విసుక్కోలేదు. ఈ ప్లాస్టిక్ సీసాల డిపాజిట్ వాళ్లకు 2003లో వచ్చింది. వీధుల్లో కొందరు ఖాళీ సీసాను చెత్తబుట్టలో వేయకుండా పక్కన నిలబెట్టి పోతారు, ఏరుకునేవాళ్లు బుట్టలో చెయ్యి పెట్టాల్సిన పని లేకుండా. అది చూస్తే నాకు కళ్లు చెమర్చాయి. మన చిన్నప్పుడు కూల్‌డ్రింక్ గాజు సీసా ఇంటికి తీసుకెళ్లాలంటే కొట్టువాడు డబ్బు కట్టించుకునేవాడు, సీసా తిరిగిస్తే ఇచ్చేసేవాడు. ప్లాస్టిక్ వచ్చాక ఆ పద్ధతి పోయింది, ఇప్పుడు ఆ సీసాలన్నీ బెజవాడలో ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువల్లో తేలుతున్నాయి.

కొట్లో సగం బ్రెడ్డు, చీజు, మాంసం ముక్కలే అనిపిస్తుంది. వాళ్లలో చాలా ఇళ్లలో రాత్రి పూట పొయ్యి వెలిగించరు, నల్లటి బరువైన బ్రెడ్డు కోసుకుని దాని మీద ఏదో ఒకటి పెట్టుకుని తినేస్తారు. ఆ సంగతి తెలిశాక ఆ అరలన్నీ అర్థమయ్యాయి.

బిల్లు కౌంటర్లో అమ్మాయి కుర్చీలో కూర్చుని పనిచేస్తుంది. మన షాపుల్లో ఆడపిల్లలు పొద్దుట్నుంచి రాత్రి దాకా నిలబడే ఉంటారు, కాళ్లు వాచిపోతాయి. కేరళ 2018లో, తమిళనాడు 2021లో కూర్చునే హక్కుకి చట్టం చేశాయి. మనకూ కావాలి. సరుకులు సంచిలో మనమే సర్దుకోవాలి, జర్మనీలో ఏ కొట్లోనైనా అంతే. స్కానింగ్ చాలా వేగంగా జరుగుతుంది కాబట్టి బరువైనవి ముందు బెల్టు మీద పెట్టుకుంటే నయం. ట్రాలీకి నాణెం వేయాలి, ఒక యూరో జేబులో ఉంచుకోండి, చివర్లో తిరిగొచ్చేస్తుంది.

ఆదివారం కొట్లు బంద్. ఆదివారం విశ్రాంతి అన్నది వాళ్ల రాజ్యాంగంలోనే ఉంది. బవేరియాలో మామూలు రోజుల్లో కూడా రాత్రి 8కే మూసేస్తారు. అందుకని శనివారం సాయంత్రం జనం కిక్కిరిసి ఉంటారు, అప్పుడు వెళ్తే ఏమీ చూడలేరు. వారం మధ్యలో పిల్లలు ఆఫీసుకి వెళ్లాక, ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ యాప్ పెట్టుకుని వెళ్లండి.

మన వంటకు సంబంధించినంత వరకు ఎక్కువ ఆశ పెట్టుకోకండి. కారం పేరుతో చిన్న గాజు సీసాలుంటాయి, ఎక్కువ భాగం రంగే తప్ప ఘాటు లేని రకం. మిర్చి యార్డు ఊరి నుంచి వెళ్లినవాళ్ల నాలుకకి అది ఆనదు, కారం ఇంటి నుంచే పట్టుకెళ్లండి. కందిపప్పు, పచ్చిమిర్చి, కరివేపాకు ఇండియన్ కొట్లోనో ఏషియన్ కొట్లోనో కొనుక్కోవాలి. నెయ్యి మాత్రం మోసుకెళ్లొద్దు, పాల పదార్థాలు, మాంసం పచ్చళ్లు యూరప్‌లోకి రానివ్వరు. వెన్న అరలో బుటర్‌ష్మాల్ట్స్ అని ఒక డబ్బా ఉంటుంది, అది కాచిన వెన్నే, ముద్దపప్పులోకి చక్కగా సరిపోతుంది.