కొత్తవని అంటగట్టిన పాత హార్డ్‌డిస్కులు: ఇంట్లో మీడియా సర్వర్ కట్టుకునేవారికి హెచ్చరిక

ఇంట్లో మీడియా సర్వర్ (వీడియోలన్నీ ఒకచోట దాచి టీవీలకు అందించే కంప్యూటర్) పెట్టుకోవాలని డబ్బు కూడబెట్టుకుంటున్నవారు, ముఖ్యంగా పెద్ద కెపాసిటీ హార్డ్‌డిస్కులు బజారు ధరకన్నా బాగా తక్కువకు దొరుకుతున్నాయని సంబరపడుతున్నవారు, డబ్బు కట్టేముందు దీన్ని ఒకసారి పూర్తిగా చదవాలని కోరుతున్నాను. సీలు విప్పని కొత్త సరుకు అని చెప్పి నాకు అమ్మిన నాలుగు 8 టెరాబైట్ల డిస్కులూ అంతకుముందే మరెక్కడో మూడేళ్లకు పైగా రాత్రింబవళ్లు తిరిగినవని తేలింది. ఆ సంగతి బయటపడేసరికి ఏడు రోజుల వాపసు గడువు దాటిపోయింది. మోసం చేసింది అమ్మకందారే గాని, గడువు దాటిపోనిచ్చింది మాత్రం నేనే. ఎందుకంటే ఆ ఏడు రోజులూ నేను డిస్కులను పరీక్షించలేదు; సర్వర్‌ను బిగించే రాక్ అనే ఇనుప చట్రాన్ని ముస్తాబు చేస్తూ కూర్చున్నాను.

మా నాన్నగారు 1990ల నుంచి బీరువాలో దాచిన వీహెచ్‌ఎస్ క్యాసెట్లను రెండేళ్లపాటు ఒక్కొక్కటిగా కంప్యూటర్‌లోకి ఎక్కించాను. అక్క పెళ్లి, ఊళ్లో సీతారాముల కల్యాణం, మా తాతగారు అరుగు మీద కూర్చుని పద్యాలు చదువుతున్న పదకొండు నిమిషాల ముక్క వాటిలో ఉన్నాయి. వాటికి నేను కొన్న డీవీడీలు, బ్లూరేలు తోడయ్యాయి. ఇవన్నీ హాల్లోని టీవీలోనూ అమెరికాలో ఉన్న అక్క ఇంట్లోనూ కనబడాలన్నది కోరిక. ఇలాంటి పనికి వాడే ప్లెక్స్ అనే సాఫ్ట్‌వేర్ తన జీవితకాల పాస్ ధరను 2025 ఏప్రిల్ చివర్లో దాదాపు 120 డాలర్ల నుంచి 250 డాలర్లకు పెంచడంతో, అదే పని చేసే, ఉచితంగా దొరికే జెల్లీఫిన్‌కే మొగ్గాను. నిల్వను చూసుకోవడానికి ట్రూనాస్ అనే సాఫ్ట్‌వేర్, నాలుగు డిస్కులను ఒకటిగా కలిపే రెయిడ్ జడ్1 అమరిక అనుకున్నాను. ఈ అమరికలో ఒక్క డిస్కు పోయినా సమాచారం నిలుస్తుంది. రెండోది కూడా పోతే నిలవదు. ఈ రెండో మాటను గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

డిస్కులు సీగేట్ కంపెనీ తయారుచేసే ఎక్సోస్ రకానివి. బజారులో ఇరవై వేల దగ్గర పలుకుతున్న వాటిని ఒక ఆన్‌లైన్ అమ్మకందారు ఒక్కొక్కటి రూ.11,500 చొప్పున, మొత్తం రూ.46,000కు ఇస్తానన్నాడు. ఐదేళ్ల వారంటీ అని ప్రకటనలో ఉంది. ఎవరి వారంటీ అన్నది లేదు. నేను అడగలేదు. అప్పటికి నెలల ముందే, అంటే 2025 జనవరిలో, ఇదే రకం డిస్కులు జర్మనీలో వేల గంటలు వాడాక కొత్తవిగా అమ్ముడవుతున్నాయని అక్కడి హైజె పత్రిక బయటపెట్టింది. చియా అనే క్రిప్టో నాణేన్ని తవ్వడానికి కొన్న డిస్కులే, ఆ వ్యాపారం గిట్టుబాటు కాక, ఇలా బయటికి వచ్చి ఉంటాయని అప్పట్లో గట్టిగా వినిపించింది. ఆ నాణేన్ని తవ్వడానికి కావలసింది డిస్కులో ఖాళీ చోటే కాబట్టి 2021లో జనం డిస్కులను గుట్టలుగా కొన్నారు. ఆ వార్త నేను చదవలేదనుకునేరు, చదివాను. జర్మనీలో జరిగినదానితో కూకట్‌పల్లిలో ఉన్న నాకేమిటి పని అనుకున్నాను.

సరుకు జూన్ నెలలో వచ్చింది. వాపసుకు ఏడు రోజుల గడువు. మొదటి మూడు రోజులు రాక్ తినేసింది. గోడకు బిగించే 12యూ రాక్ ముందే కొన్నాను. ఒక యూ అంటే 44.45 మిల్లీమీటర్ల ఎత్తని, వెడల్పు 19 అంగుళాలని లెక్కలన్నీ చూసుకున్నవాడిని, లోతు సంగతి చూసుకోలేదు. ఈ గోడ రాక్‌లు నెట్‌వర్క్ స్విచ్‌ల కోసం చేసినవి. సర్వర్ పెట్టె అందులో పెడితే సగం బయటికి వేలాడింది. దాన్ని మార్పించి, లోతైనది తెప్పించి, గోడకు బిగించేసరికి మూడు రోజులు. తరువాతి నాలుగు రోజులు కేబుళ్లను కొలిచి కత్తిరించడానికి, వెల్‌క్రో పట్టీలు కట్టడానికి, గాజు తలుపు వెనక నీలి లైట్లు అమర్చడానికి సరిపోయాయి. ఫొటోలు తీసి బంధువులకు, ఆఫీసు మిత్రులకు పంపాను. అందరూ మెచ్చుకున్నారు. నాన్నగారు మాత్రం కళ్లజోడు సవరించుకుని కాసేపు చూసి, "బాగుందిరా, లోపలిది కూడా ఇంత బాగుంటే మంచిదే" అన్నారు. పైన పటారం లోన లొటారం అన్న సామెత ఆయన నోటి చివరి దాకా వచ్చి ఆగిందని ఇప్పుడు అనిపిస్తోంది.

డిస్కులను నేను అసలు చూడలేదని కాదు. ప్రతి డిస్కూ తన ఆరోగ్యం గురించి రాసుకునే స్మార్ట్ పట్టికను తెరిచి, తొమ్మిదో నంబరు కింద ఉండే 'నడిచిన గంటల' లెక్క చూశాను. నాలుగింటిలోనూ రెండు మూడు గంటలే ఉంది. దానితో తృప్తిపడ్డాను. నా అసలు పొరపాటు ఇదే. ఆ లెక్కను సున్నాకు తిప్పే పనిముట్లు ఉన్నాయి. పాత కారు మీటరును వెనక్కి తిప్పడం లాంటిదే ఇదీను. కాని సీగేట్ డిస్కుల్లో ఫార్మ్ అనే మరో లాగ్, అంటే డిస్కు తన పని గురించి రాసుకునే చిట్టా, వేరుగా ఉంటుంది. డిస్కుల ఆరోగ్యం చూసే స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ 7.4, ఆ పై వెర్షన్లలోని స్మార్ట్‌సీటీఎల్ కమాండుతో లాగ్ పేరు ఫార్మ్ అని ఇచ్చి అడిగితే అది తెరపైకి వస్తుంది. మామూలు లెక్కను చెరిపేసినవారు దీన్ని చాలాసార్లు వదిలేస్తారు. జర్మనీలో మోసం బయటపడింది కూడా ఈ రెండు లెక్కలూ పొంతన కుదరకపోవడం వల్లనే.

నేను దాన్ని అడిగింది పంతొమ్మిదో రోజున. అప్పటికి సమాచారమంతా ఎక్కించాను. ఆ రాత్రి ట్రూనాస్ ఒక హెచ్చరిక పంపింది: మూడో డిస్కులో చదవలేకపోతున్న సెక్టార్లు (సమాచారం దాచే చిన్న గడులు) 16. తెల్లవారేసరికి అవి 88 అయ్యాయి. డిస్కు మొత్తాన్ని చదివి చూసే దీర్ఘ పరీక్ష పెడితే 'చదవడంలో వైఫల్యం' అని మధ్యలోనే ఆగిపోయింది. అప్పుడు ఫార్మ్ లాగ్ తెరిస్తే నాలుగు డిస్కులకూ వరుసగా 31,412, 30,986, 31,407, 27,150 గంటలు కనబడ్డాయి. ఏడాదికి 8,760 గంటలు. అంటే మూడు డిస్కులు మూడున్నరేళ్లకు పైగా, నాలుగోది మూడేళ్లకు పైగా ఆగకుండా తిరిగాయి. డిస్కు మీది స్టిక్కరులో తయారీ తేదీ 2020 అని మొదటినుంచీ ఉంది. అదీ నేను చదవలేదు. ఐదేళ్లనాటి సరుకు సీలు కూడా విప్పకుండా నా కోసమే ఎదురుచూసిందని నమ్మాలన్నమాట.

ఈ అంకెల్లో నన్ను ఎక్కువ భయపెట్టింది వాటి పరిమాణం కాదు, దగ్గరితనం. మొదటి మూడూ ఇంత దగ్గరగా ఉన్నాయంటే అవి ఒకే చోట, బహుశా ఒకే పెట్టెలో, ఒకే వేడిలో పక్కపక్కనే అరిగినవి. అలా అరిగినవి పోవడం కూడా ఇంచుమించు ఒకేసారి పోతాయి. రెయిడ్ ధైర్యమంతా ఒకటి పోయినప్పుడు మిగతావి గట్టిగా నిలబడతాయన్న నమ్మకం మీదే ఆధారపడి ఉంటుంది. పరుగున వెళ్లి తెలిసిన దుకాణంలో పూర్తి ధరకు ఒక కొత్త డిస్కు కొని మూడోదాని స్థానంలో పెట్టాను. పాత మూడింటిలో ఉన్న సమాచారమంతా చదివి కొత్తదాన్ని నింపే ఆ పని 61 శాతం దగ్గర ఉండగా మొదటి డిస్కు కూడా తప్పులు చూపడం మొదలుపెట్టింది. పని ఎలాగో ముగిసింది గాని, చివరికి ట్రూనాస్ 212 ఫైళ్లు శాశ్వతంగా దెబ్బతిన్నాయని పేర్లతో సహా జాబితా ఇచ్చింది. వాటిలో ఎక్కువ డీవీడీలవే; మళ్లీ ఎక్కించుకోవచ్చు. తాతగారి పద్యాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మా బావగారు పోరుపెట్టి వాటిని వేరే 2 టెరాబైట్ల డిస్కులో కాపీ చేయించి తన దగ్గర ఉంచుకోవడం వల్ల బతికిపోయాం. అప్పట్లో ఆయన అతి జాగ్రత్తను చూసి నవ్వినవాళ్లలో నేనే మొదటివాడిని.

ఇక అమ్మకందారు జవాబులు. ముందు "సాఫ్ట్‌వేర్ రీడింగులు నమ్మలేం సార్" అన్నాడు. తరువాత గాజు తలుపు వేసి నేనే వేడెక్కించానన్నాడు. మా ఇంట్లో ఆ డిస్కుల వేడి 46 డిగ్రీలు దాటలేదని, తయారీదారు పెట్టిన హద్దు 60 డిగ్రీలని లాగ్‌తో సహా పంపాను. ఆ తరువాత గడువు దాటిందన్నాడు. చివరికి, నేను చూపుతున్న డిస్కులు తను పంపినవే కావన్నాడు. ఇక్కడ నా నోరు మూతపడింది. ఎందుకంటే బిల్లులో 'హార్డ్‌డిస్కులు, 4' అని తప్ప సీరియల్ నంబర్లు లేవు. పార్శిల్ విప్పుతూ వీడియో తీసి ఉంటే సరిపోయేది. రాక్ బిగించేటప్పుడు మాత్రం గంటన్నర వీడియో తీశాను. తయారీదారు వెబ్‌సైట్‌లో సీరియల్ నంబరు కొట్టి చూస్తే, ఈ డిస్కు పెద్ద సిస్టంలో భాగంగా అమ్మినదని, వారంటీకి కొన్నచోటే సంప్రదించమని వచ్చింది. ఈ తనిఖీకి రెండు నిమిషాలు చాలు. పెట్టె విప్పిన రోజే చేసి ఉంటే కథ అక్కడే తెగిపోయేది. తయారీదారు తప్పు ఇందులో నాకు కనబడలేదని కూడా చెప్పాలి.

చూసే కన్ను ఉంటే కంప్యూటర్‌కు తగిలించకుండానే కొంత తెలుస్తుంది. ఊడదీసిన మూడో డిస్కును టార్చి వెలుతురులో తిప్పి చూశాను. స్క్రూ రంధ్రాల అంచుల్లో పెయింటు వలయంగా గీసుకుపోయి లోపలి లోహం మెరుస్తోంది. కేబులు తగిలించే సాటా కనెక్టరులోని బంగారు పూత రేకుల మీద ఒకే దిశలో సన్నని గీతలు, అవీ ఒకటి రెండు కావు. ఎన్నోసార్లు గుచ్చి తీసిన గుర్తులు. స్టిక్కరు ఒక మూల వెంట్రుకవాసి లేచి, దాని కింద పాత జిగురు దుమ్ము పట్టి నల్లబడి ఉంది. సీలు వేసిన వెండిరంగు సంచిని చూసి మోసపోకండి. కిరాణా కొట్టులో పప్పు పొట్లాలకు సీలు వేసే యంత్రంతోనే ఆ పని ఎవరైనా చేయగలరు.

పాత డిస్కు కొనడమే తప్పని నేననను. ఇన్ని గంటలు నడిచిందని నిజం చెప్పి, దానికి తగ్గ ధరకు, ఏడాదైనా సొంత వారంటీతో ఇచ్చేవారి దగ్గర తెలిసి కొనుక్కోవడం వేరు. కొత్తదానికి సగానికి పైగా ధర కట్టి, అరిగిపోయినదాన్ని కొత్తదనుకుని ఇంటికి తెచ్చుకోవడం వేరు. కాబట్టి డిస్కులు వచ్చిన రోజున రాక్ జోలికి పోకండి. వీడియో తీస్తూ విప్పి, సీరియల్ నంబర్లను బిల్లుతో సరిచూసి, బిల్లులో అవి లేకపోతే రాయించుకుని, వారంటీ తనిఖీ చేసి, స్మార్ట్, ఫార్మ్ చూపే గంటల లెక్కలు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఫార్మ్ లాగ్ సీగేట్‌కే ఉంటుంది కనుక ఇతర డిస్కులకు వారంటీ తనిఖీ, పైగుర్తులు, దీర్ఘ పరీక్షే దిక్కు. 8 టెరాబైట్ల డిస్కుకు దీర్ఘ పరీక్ష అర రోజుకు పైగా పడుతుంది; నాలుగింటికీ ఒకేసారి పెట్టవచ్చు. బల్ల మీద, ఒక ఫ్యాను కింద, ఏ అలంకారమూ లేకుండా ఇదంతా రెండు రోజుల్లో అయిపోతుంది.

ఇప్పటికే ఇరుక్కున్నవారికి ఒక మాట. పాత సరుకును కొత్తదని చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని 2(47) సెక్షన్ ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతే. 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఫిర్యాదు నమోదు చేసుకుంటుంది. తెలుగులో కూడా మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, అమ్మకందారు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. కట్టిన సొమ్ము రూ.5 లక్షల లోపయితే రుసుము లేదు, రెండేళ్లలోగా వేయాలి. నేను 1915కు ఫిర్యాదు చేశాక, ప్రకటన స్క్రీన్‌షాట్లను, పార్శిల్ బరువున్న కొరియర్ రసీదును జతచేసి నోటీసు పంపాను. అప్పటిదాకా ఆ డిస్కులు తనవి కావన్న మనిషి వెంటనే రెండింటి సొమ్ము, రూ.23,000, తిరిగి వేశాడు. తనవి కాని వాటికి డబ్బెందుకు ఇచ్చాడో ఇప్పటికీ చెప్పలేదు. మిగతా రెండింటి కోసం జిల్లా కమిషన్‌కు వెళుతున్నాను. అందుకే ఆ అమ్మకందారు పేరు ఇక్కడ రాయడం లేదు, దయచేసి అడగకండి.

రాక్ గోడకే ఉంది. తరువాత కొన్నదానితో కలిపి కొత్త డిస్కులు రెండే ఉన్నాయి, సర్వర్‌లో డిస్కులు పెట్టే గదులు రెండు ఖాళీ. నీలి లైట్లు తీసేశాను. వాటి వెలుతురులో ఖాళీ గదులు మరీ కొట్టొచ్చినట్టు కనబడుతున్నాయి.