గుడిస ఎక్కే ముందూ, దిగాకా ఆటోనగర్‌లో మూడు శనివారాలు

డోర్ల కింద రేకుకి మొదటి సొట్ట ఏ కొండమీదో పడి ఉంటే చెప్పుకోవడానికైనా బాగుండేది. మా అత్తగారి ఊళ్లో కాలవ గట్టు దిగుతుంటే బండి వెళ్లి తాటి మొద్దు మీద కూర్చుంది. మారేడుమిల్లి, అక్కణ్ణుంచి గుడిస కొండ అప్పటికే అనుకున్న ప్రయాణం. వెళ్లేలోపు రాక్ స్లైడర్లు, అంటే డోర్ల కింద రేకుని కాచే ఇనుప గొట్టాలు, పెట్టించాల్సిందే అనుకున్నాను.

బండి మహీంద్రా థార్, 2020లో వచ్చిన కొత్త మోడల్. నేల నుంచి 226 మిల్లీమీటర్ల ఎత్తు, మధ్యలో గుట్టలాంటిది దాటడానికి 27 డిగ్రీల కోణం అని కంపెనీ లెక్క. ముందు చక్రం రాయి దిగిపోయాక ఆ రాయి తగిలేది సరిగ్గా డోర్ల కిందే. స్లైడర్ పని ఆ దెబ్బని రేకు మీద పడనివ్వకుండా చాసిస్‌కి, అంటే బండి అడుగు ఫ్రేముకి చేర్చడం, బండి రాయి మీంచి జారిపోయేలా చూడడం. షాపుల్లో స్లైడర్ అని అమ్మే వాటిలో సగం వట్టి ఫుట్‌స్టెప్పులే. తేడా తెలుసుకోవడం చాలా సులువు: దాని కింద జాకీ పెట్టి లేపితే ఆ పక్క టైర్లు లేవాలి, గొట్టం వంగకూడదు. బెజవాడలో ఒక యాక్సెసరీస్ షాపాయన నల్లగా నిగనిగలాడే జత చూపించి 28 వేలన్నాడు. జాకీ పెట్టొచ్చా అని అడిగితే, "అలాంటివి చెయ్యకండి సార్, వంగిపోతాయి" అన్నాడు. నిజం చెప్పినందుకు ఆయనకి దణ్ణం పెట్టి ఆటోనగర్ వెళ్లాను.

లారీ బాడీలు కట్టే షెడ్డది. మేస్త్రి కాగితం మీద నా బొమ్మ చూసి, "కారుకి లారీ సైడ్ గార్డా సార్?" అని నవ్వాడు కానీ పైపు దగ్గర మాత్రం రాజీ పడలేదు. పేరుకి రెండంగుళాల ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) పైపు, మందం ఎక్కువుండే సి క్లాసు. బయటి కొలత 60.3 మిల్లీమీటర్లు, మందం 4.5. మీటరుకి ఆరు కిలోల పైచిలుకు బరువు. బి క్లాసైతే మీటరుకి ఒక కిలో తక్కువే, కానీ మందం 3.65 మాత్రమే. ఆరు మీటర్ల పైపులు రెండు కొంటే రెండోదాంట్లో ముప్పాతిక మిగిలిపోయింది. ఇప్పుడది మా మేడమీద బట్టలారేసే దండెం.

షెడ్డులో పైపు వంచే మిషన్ లేదు. మేస్త్రి పైపులోకి ఇసుక పోసి, సుత్తితో తడుతూ కూరి, రెండు చివర్లా చెక్క బిరడాలు కొట్టి, గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచాడు. ఇసుక లేకపోతే వంపు దగ్గర పైపు నొక్కుకుపోతుంది. ఆ ఇసుకని ముందు రోజంతా రేకు మీద వేయించి ఆరబెట్టారు. తడి ఉంటే ఆవిరి పుట్టి బిరడా తుపాకీ గుండులా ఎగురుతుందట. పైపు అతుకు గీత వంపు పక్కకి వచ్చేలా తిప్పి పెట్టించాడు, బయటివైపు ఉంటే అక్కడే విచ్చుకుంటుందని. ఆ రెండో శనివారం పూటంతా నేను చేసిన పని టీలు తెప్పించడం.

మేమిద్దరం విభేదించింది ఒక్కచోటే. గొట్టాన్ని మోసే కాళ్లని చాసిస్‌కి నేరుగా వెల్డింగ్ చేద్దామన్నాడు మేస్త్రి. వద్దన్నాను. బండి అమ్మే రోజున విప్పుకోవచ్చని ఆరు మిల్లీమీటర్ల మందం ప్లేట్లతో చాసిస్‌ని పట్టుకునే క్లాంపులు చేయించి బోల్టులు బిగించాను. "పట్టు చాలదు సార్" అన్నాడు. వినలేదు. రేకుకీ గొట్టానికీ మధ్య ఒక అంగుళం ఖాళీ వదిలాం. బాడీ రబ్బరు బుష్‌ల మీద కూర్చుని ఊగుతుంది కాబట్టి అంతకన్నా దగ్గరైతే గొట్టం రేకుని తన్నుతుంది. బయటివైపు కాస్త పైకి లేచేలా పెట్టాం, రాయి తగిలితే బండి పక్కకి జరిగేలా. పౌడర్ కోటింగ్ జోలికి పోలేదు. రెడ్ ఆక్సైడ్ మీద నల్ల ఎనామిల్ వేస్తే గీత పడ్డప్పుడల్లా మనమే బ్రష్షుతో దిద్దుకోవచ్చు. మొత్తం 50 కిలోలు దాటింది, ఖర్చు 13 వేల చిల్లర.

ఇక ప్రయాణం. ఏలూరు మీదుగా కొవ్వూరు దగ్గర గోదావరి దాటి, కోరుకొండ, గోకవరం, రంపచోడవరం. డీజిల్ గోకవరంలోనే నింపుకోండి, పైన వెతుక్కునే పని ఉండదు. నేనూ మా బావమరిదీ మారేడుమిల్లి చేరేసరికి చీకటి పడింది.

మొదటి రాత్రి ఫోటోలు చూసి బుక్ చేసుకున్న ప్రైవేటు టెంట్లలో పడుకున్నాం. చుట్టూ రంగు దీపాలు బాగానే ఉన్నాయి. పదింటికి జనరేటర్ ఆపేశారు, తెల్లారి వేణ్ణీళ్లడిగితే పొయ్యి వైపు చూపించారు. రెండో రాత్రి అటవీశాఖ పర్యావరణ పర్యాటకం కింద నడిచే వనవిహారికి మారాం. గోడల సున్నం పాతబడింది, టీవీ ఊసే లేదు. అయినా దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, చెప్పిన వేళకి భోజనం వచ్చింది. ధరలో పెద్ద తేడా లేదు కాబట్టి మళ్లీ వెళ్తే రెండు రాత్రులూ అక్కడే.

బొంగు చికెన్ విషయంలో ఒక్క చిట్కా. ముందే కాల్చి వరసగా పేర్చిపెట్టిన బొంగులున్న కొట్టు వదిలెయ్యండి. మా ఎదుటే పచ్చి బొంగు కోసి, ముక్కలు కూరి, మూతికి అడ్డాకు దోపి నిప్పుల మీద పెట్టినామె ముప్పావుగంట కూర్చోబెట్టింది. నూనె చుక్క లేకుండా ఆ రసం అంత ఎలా ఊరుతుందో! మా బావమరిది రెండో బొంగు చెప్పాక గానీ మాట్లాడలేదు.

గుడిసకి తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాం, ముందు రోజే చెక్‌పోస్టులో అడిగి. పుల్లంగి దాటాక ఫోన్లు మూగబోయాయి. పైకెళ్లే దారిలో వాన నీళ్లు కోసిన గాడి ఒకటుంది. హెడ్‌లైట్ వెలుగులో లోతు తెలియలేదు, కుడి టైర్లు అందులోకి దిగాయి, ఎడమ పక్క పెద్ద బండ మీద ధన్‌మని కూర్చున్నాం. దిగి టార్చి వేసి చూశాను. గొట్టం ఇసుమంత వంగలేదు. క్లాంపు మాత్రం చాసిస్ మీద తిరిగిపోయింది. అంగుళం ఖాళీ మాయమై గొట్టం రేకుకి ఆనుకుంది. బరువంతా బయటి చివర పడితే కాలు మీటలా పనిచేసి క్లాంపుని మెలిపెడుతుందని మేస్త్రి చెప్పింది ఇదే. అదృష్టం, బ్రేకు పైపు రెండు వేళ్ల దూరంలో ఆగింది.

వెనకాలే టూరిస్టుల్ని ఎక్కించుకొచ్చిన లోకల్ జీపు ఆగింది. డ్రైవరు టైరు కింద రెండు రాళ్లు పేర్చి, నన్ను దిగమని, రెండు నిమిషాల్లో బండి బయటికి తీశాడు. స్లైడర్ల వంక ఓసారి చూసి, "ఎడం టైరు ఆ బండ మీదకే ఎక్కించేస్తే ఈ గొడవే ఉండదు కదండీ" అన్నాడు. ఆయన జీపు కింద ఒక్క గొట్టమూ లేదు.

పైన పచ్చగడ్డి, కాళ్ల కింద మబ్బు. దాని ఫోటోలు అందరూ పెడతారు, నేను వేరే చెప్పేదేముంది. గుడిస ఒక్కటే చూసేదుంటే స్లైడర్ల డబ్బు మిగుల్చుకుని ఆ జీపే ఎక్కండి. వాగుల్లో, గట్ల మీద సొంత బండితో తిరిగే పిచ్చి ఉంటేనే ఈ పని పెట్టుకోండి, అది కూడా వారంటీ ముగిశాక. స్లైడర్ బండి వెడల్పు దాటి బయటికి రానివ్వకండి. బండి ముందు బిగించే ఇనుప గార్డుల (బుల్‌బార్ల) మీద చర్య తీసుకోమని 2017 డిసెంబర్లోనే కేంద్రం రాష్ట్రాలకి లేఖ రాసింది, రోడ్డు మీద ఆపితే వివరించుకోవాల్సింది మనమే.

మూడో శనివారం తిరిగొచ్చాక. మేస్త్రి క్లాంపు జారిన గీతని బొటనవేలితో తడిమి ఏమీ అనలేదు, అదే ఎక్కువ. బ్యాటరీ నెగటివ్ తీయించి, బ్రేకు, డీజిల్ పైపుల మీద తడి గోనె కప్పించి, పక్కన నీళ్ల బక్కెట్టు పెట్టించి, చాసిస్ నిలువు పక్కకి వెడల్పాటి ప్లేట్లు వెల్డింగ్ చేసి వాటికి కాళ్లు అతికించాడు. చాసిస్‌కి అడ్డంగా వెల్డింగ్ వెయ్యనివ్వలేదు, అక్కడే పగులు మొదలవుతుందట. ఈసారి జాకీ పెట్టి లేపితే ఎడమ టైర్లు రెండూ లేచాయి.

కాలవ గట్టు ఊరికే మళ్లీ వెళ్లాం. మా అత్తగారు ఎక్కబోయి గొట్టం మీద చెప్పు జారి డోరు పట్టుకుని నిలబడ్డారు. "ఇంత ఇనుం పెట్టించారు అల్లుడుగారూ, ఎక్కడానికో మెట్టు పెట్టించలేకపోయారా?" వచ్చే శనివారం గొట్టం మీద కాలు జారకుండా చెకర్డ్ ప్లేటు (గరుకు గీతల రేకు) ముక్క అతికించడానికి మేస్త్రికి చెప్పి ఉంచాను.