ఆఫీసు లోపలి 'ఫేస్‌బుక్' నాలుగేళ్లు వాడినాక

మాది అనంతపురంలో డ్రిప్పు పైపులు, ఫిట్టింగులు అమ్మి, తోటల్లో బిగించి, సర్వీసు కూడా చేసే కంపెనీ. ఆఫీసులో పదిహేను మందిమి ఉంటే, తాడిపత్రి, కళ్యాణదుర్గం, ధర్మవరం, గుంతకల్లు వైపు బండ్ల మీద తిరిగేవాళ్లు నలభై మంది దాకా ఉంటారు. నేను సర్వీసు సెక్షన్. 2021 చివర్లో మా ఎండీ సార్ ఎక్కడో చూసొచ్చి, అచ్చం ఫేస్‌బుక్ లాగే ఉండే ఒక యాప్ కొన్నారు. పోస్టులు, కామెంట్లు, లైకులు, గ్రూపులు అన్నీ ఉంటాయి, కాకపోతే కంపెనీ వాళ్లు తప్ప ఇంకెవరూ లోపలికి రాలేరు. ఏ యాప్ అని అడగొద్దు, చెప్పను. ఈ జాతి సరుకు కొత్తదేం కాదు, యామర్ 2008లోనే వచ్చింది. దాన్ని మైక్రోసాఫ్ట్ 2012లో 120 కోట్ల డాలర్లకు కొని, ఇప్పుడు వీవా ఎంగేజ్ అని పేరు మార్చింది. చెన్నై జోహో వాళ్లకు కనెక్ట్ ఉంది, ఇంకా చాలా ఉన్నాయి.

మొదటి ఆరు నెలలూ దండగ. నిజంగా దండగే.

సార్ ఏదైనా పోస్టు పెడితే రెండు నిమిషాల్లో నలభై లైకులు పడేవి. అదే ఒక ఫిట్టర్ 'ఈ సైజు గ్రోమెట్ (పైపు రంధ్రంలో పెట్టే రబ్బరు బిళ్ల) గోడౌన్‌లో ఉందా' అని అడిగితే సాయంత్రం దాకా పలికేవాడు లేడు, ఎందుకంటే సార్ చూసే చోట తెలిసీ తెలియకుండా జవాబిచ్చి మాట పడటం ఎవరికిష్టం? గ్రోమెట్ సంగతి మాత్రం పక్కన వాట్సాప్‌లో తేలిపోయేది. 'ఏమప్పా, వాట్సాప్ చాల్లేదా, మళ్లీ ఇదొకటా' అని గోడౌన్ అన్న నన్ను పట్టుకుని రోజూ సతాయించేవాడు. దీని మీద ఇంకో తెలివి ఏమంటే, ఎవరు ఎన్ని పోస్టులు పెట్టారో లెక్కగట్టి ఇంక్రిమెంటప్పుడు చూస్తామన్నారు. ఇంకేముంది, తెల్లారితే ఇరవై గుడ్ మార్నింగులు, రోజాపూలు, వేంకటేశ్వరస్వామి ఫొటోలు. మూడు నెలలకు ఆ లెక్క ఎత్తేశారు, పూలు కూడా వాడిపోయాయి.

తిరుగుడు ఎక్కడ పడిందంటే నార్పల దగ్గర ఒక చీనీ (బత్తాయి) తోటలో. మా కుర్రాడొకడు, చేరి నెల కూడా కాలేదు, డ్రిప్పర్లు కారడం లేదని వెళ్లాడు. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదని విసుగొచ్చి, లేటరల్ పైపు (డ్రిప్పర్లుండే సన్న పైపు) చివర మూత విప్పి, అందులోంచి వచ్చిన చెత్తను అరచేతిలో పెట్టుకుని ఫొటో తీసి యాప్‌లో వేసి, 'యాసిడ్ వదలమంటారా?' అని అడిగాడు. కళ్యాణదుర్గం వైపు పనిచేసే మా పెద్ద ఫిట్టర్, ముప్పై ఏళ్ల అనుభవం, ఆయనకు టైపింగ్ రాదు, వాయిస్ పెట్టాడు. 'అబ్బయ్యా, తెల్లగా గరగరమంటే ఉప్పు, దానికి యాసిడ్. నీ చేతిలోది పచ్చగా జిగటగా ఉంది, అది పాచి. ఫారం పాండ్ నీళ్లు పెడతాండారా? శాండ్ ఫిల్టర్ ఉందా, జల్లెడ ఫిల్టర్ ఒక్కటేనా? దీనికి బ్లీచింగ్ మందు. యాసిడ్, బ్లీచింగ్ మాత్రం కలపొద్దు, విషగాలి వస్తుంది, జాగ్రత్త.'

యాభై సెకన్లు కూడా లేదు. కుర్రాడు వెళ్లి చూస్తే నిజంగానే ఫారం పాండ్, అంటే పొలంలో తవ్విన కుంట నీళ్లు, పాచిని ఆపే శాండ్ ఫిల్టర్ లేదు, జల్లెడ ఒక్కటే. ఆ రోజు తాడిపత్రి బ్యాచ్, ధర్మవరం బ్యాచ్ అందరూ అది విన్నారు, అందులో ఇద్దరు మా తోటల్లోనూ ఇదేనని ఫొటోలు పెట్టారు. ఇన్నేళ్లూ ఆయన ఎక్కడో అటువైపు ఉండే ఫిట్టర్ అంతే, పేరు కూడా సగం మందికి తెలియదు. ఆ తర్వాత సార్ ఒక మంచి పని చేశారు. సర్వీసు గ్రూపులో ఎవరైనా ఏదైనా అడిగితే, ఒకరోజు గడిచేదాకా సార్ నోరు విప్పరు. ఆయన ఊరుకున్నాకే కుర్రాళ్లకు ధైర్యం వచ్చి అడగడం మొదలైంది.

వాట్సాప్‌తో పోలిస్తే నాకు బాగా కలిసొచ్చింది ఇంకోటి. ముందు ఒక సూపర్‌వైజర్ మానేస్తే అతని ఫోన్‌తో పాటే తోటల ఫొటోలు, ఏ రైతుకు ఏ సైజు మెయిన్ లైన్ వేశామో ఆ లెక్కలు అన్నీ పోయేవి. కొత్తవాడు గ్రూపులో చేరితే పాతవి కనిపించేవి కాదు. ఇప్పుడు మనిషి పోయినా పోస్టు ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పేది ఒకటే: 'వారం రోజులు పాతవి చదువుకో, తర్వాత ఫీల్డుకు పో.'

ఇక విసిగించేది వెతుకులాట. యాప్ అమ్మేవాళ్లు ఏ మాట కొట్టినా క్షణంలో దొరుకుతుందని చూపించారు, నిజమే, ఇంగ్లీషులో రాస్తే. మావాళ్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు కదా, చీనీ అన్న ఒక్క మాటకే నాలుగు స్పెల్లింగులు, ఒకడు రెండు 'ఈ'లు పెడతాడు, ఒకడు 'ఐ', ఇంకొకడు దాన్ని బత్తాయి అనే రాస్తాడు. వెతికితే ఏం దొరుకుతుంది? చివరికి పన్నెండు ట్యాగులు తెలుగులోనే ఖాయం చేసి, ఫిల్టర్, పాచి, ఉప్పు, సబ్సిడీ, ఇట్లా గోడౌన్ గోడకు అట్ట కొట్టాం. సగం మంది వాడతారు. మిగతా సగానికి నేనే సాయంత్రం కూర్చుని తగిలిస్తాను, ఇది నా ఉద్యోగంలో లేని పని, జీతంలోనూ లేదు. రాత్రి తొమ్మిదింటికి మోగే నోటిఫికేషన్లకైతే మా ఇంట్లో గొడవలే అయినాయి. ఇప్పుడు ఏడు దాటితే సైలెంట్‌లో పెడతాను.

అకౌంట్స్ వాళ్లు ఇప్పటికీ రారు. వాళ్లు వాట్సాప్‌లోనే ఉన్నారు, ఉండనీ.

కొనాలనుకునేవాళ్లు ఫ్రీ ప్లాన్ షరతులు చదవండి. స్లాక్ అని ఇట్లా ఆఫీసులకే ఉండే ఇంకో యాప్ ఉంది, దాని ఫ్రీ ప్లాన్‌లో 90 రోజుల వెనకటి మెసేజీలు కనిపించవు. మాలాంటి వాళ్లకు పోయిన ఎండాకాలం పోస్టే ఈ ఎండాకాలం కావాలి. రెండోది, మన పోస్టులు, ఫొటోలు మనం బయటికి తీసుకోవచ్చా అన్నది ముందే అడగండి. మెటా (ఫేస్‌బుక్ కంపెనీ) వాళ్ల ఇట్లాంటి యాప్ వర్క్‌ప్లేస్ 2016లో మొదలై, మూసేస్తున్నామని 2024 మేలో చెప్పారు, మామూలుగా వాడుకోవడానికి 2025 ఆగస్టు 31 ఆఖరన్నారు. అంత పెద్ద కంపెనీదే మూతపడిందని చదివాక, మేము మూడు నెలలకోసారి అంతా డౌన్‌లోడ్ చేసి హార్డ్ డిస్క్‌లో వేసుకుంటున్నాం.

అట్లా డౌన్‌లోడ్ చేసినప్పుడే తెలిసింది, పెద్ద ఫిట్టర్ వాయిస్‌లు రెండొందల పన్నెండు ఉన్నాయి. ట్యాగు లేకపోతే ఒక్కటీ వెతుకులాటకు చిక్కదు. ఆయన మొన్న ఉగాదికి పని మానేశాడు, మోకాళ్లు. ఆఫీసులో ఒకమ్మాయి రోజూ మధ్యాహ్నం చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వాటిని తెలుగులో రాసి, పోస్టుల కింద కామెంటుగా పెడుతోంది. అర్థం కాని మాట వస్తే ఆయనకే ఫోన్ చేస్తుంది. ఇప్పటికి డెబ్బై అయినాయి.