చురీపో, మోలే దె ఓయా: ఇంట్లో వండుకోవడానికి ఏది మేలు?

మెక్సికో వంట మోలే అనగానే చాక్లెట్ వేసిన చిక్కటి నల్ల గ్రేవీ గుర్తొస్తుంది చాలామందికి. మోలే దె ఓయా అది కాదు. మెక్సికో మూలవాసుల నవాత్ల్ భాషలో మోల్లి అంటే సాస్, స్పానిష్‌లో ఓయా అంటే కుండ. కుండలో కాగే పల్చటి ఎర్ర పులుసు ఇది, మధ్య మెక్సికో ఇళ్లలో తరచూ వండుకునేదే. చురీపో దీనికి దగ్గరి చుట్టమే గానీ ఊరు వేరు. పశ్చిమ మెక్సికోలోని మిచోఆకాన్ రాష్ట్రంలో పురేపెచా అనే మూలవాసుల పండగ వంట అది. పెళ్లిళ్లకీ, ఊరి ఉత్సవాలకీ పెద్ద పెద్ద కుండలు పొయ్యెక్కుతాయి.

రెండిట్లోనూ మూలుగున్న బీఫ్ ఎముకలు, ఎండుమిరప ముద్ద ఉంటాయి. షోకోనోస్త్లే అనే పుల్లటి నాగజెముడు కాయ కూడా పడుతుంది. మిరప, మొక్కజొన్న, నాగజెముడు ఆ నేలవే. ఆవులు మాత్రం 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్లతో వచ్చాయి.

చురీపోలో కూరగాయలు తక్కువ. క్యాబేజీ పెద్ద ముక్కలు, క్యారెట్, అంతే అనుకోండి. రుచంతా గ్వాహీయో అనే మెక్సికో ఎండుమిరపది. ఇక్కడే నేను దెబ్బ తిన్నాను. మొదటిసారి మిరపకాయల్ని పెనం మీద మన తాలింపు అలవాటులో నల్లబడేదాకా వేయించాను. కుండెడు పులుసు చేదైపోయింది. గింజలు తీసేసి, రెండు వైపులా కొన్ని సెకన్లు వేడి తగిలితే చాలు. తర్వాత వేడి నీళ్లలో నానబెట్టి, వెల్లుల్లితో రుబ్బి, తప్పకుండా వడకట్టాలి. లేకపోతే తొక్కలు గొంతులో అడ్డం పడతాయి. గ్వాహీయో దొరక్కపోతే బ్యాడిగి వాడండి. రంగు వస్తుంది, మంట తక్కువ. గుంటూరు మిరప వేస్తే అది ఇక వేరే కూర.

మోలే దె ఓయాలో గ్వాహీయోతో పాటు పసీయా లేదా ఆంచో అనే ఇంకో రకం ఎండుమిరప కలుస్తుంది. ఎపసోతే అనే ఘాటు ఆకు రెండు రెమ్మలు పడగానే వాసనే మారిపోతుంది. కూరగాయలు బోలెడు: అడ్డంగా కోసిన మొక్కజొన్న కండెలు, సీమ వంకాయ, బీన్స్, జుకినీ. కాకపోతే వేసే వరుస చూసుకోవాలి. మాంసం మెత్తబడ్డాకే కండెలు, తర్వాత సీమ వంకాయ, బీన్స్. జుకినీ చివరి పది నిమిషాల్లోనే, ముందే వేస్తే కరిగి కనిపించకుండా పోతుంది. కుక్కర్ వాడతారా? మాంసం వరకే వాడండి.

ఇంట్లో నలుగురికైతే నా ఓటు మోలే దె ఓయాకే. కూర, పులుసు, మొక్కజొన్న అన్నీ ఒక్క గిన్నెలోనే ఉంటాయి, పక్కన ఇంకేం లేకపోయినా లోటు తెలీదు. చురీపోకి కొరుందా కావాలి. బూడిద నీళ్లలో ఉడికించిన మొక్కజొన్న పిండిని పొడుగాటి పచ్చి మొక్కజొన్న ఆకులో మూడు మూలలుగా మడిచి ఆవిరి మీద వండేదే కొరుందా. అది తుంచి ముంచుకు తింటేనే ఆ పులుసు అర్థమవుతుంది. అన్నంతో తిని చూశాను, ఏదో తక్కువైనట్టే ఉంది. కొరుందాలు చుట్టే చేతులు నాలుగు ఇంట్లో ఉన్న రోజు మాత్రం చురీపోనే పెట్టండి, మోలే ఊసే ఎత్తొద్దు.

షోకోనోస్త్లేకి బదులు చింతపండు వేద్దామనిపిస్తుంది మనకి. వద్దు, రంగూ రుచీ రెండూ మన పులుసు వైపు లాగేస్తుంది. గిన్నెలో వడ్డించుకున్నాక నిమ్మకాయ పిండుకోండి.