గయా ఆర్కైవ్: మూడేళ్లు వాడాక నా మాట

కదిరిలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. మాకు టెలిస్కోపు లేదు. ఉన్నదల్లా ఒక 10×50 బైనాక్యులర్, ల్యాబ్‌లో పాత కంప్యూటర్లు, వాటితో మూడేళ్లుగా వాడుతున్న గయా ఆర్కైవ్. మొదట్లో, దీన్ని వాడి చూసినవాళ్లు తెలుగులో ఏమైనా రాశారేమోనని చాలా వెతికాను. నాకు దొరకలేదు. నాలాగే వెతికేవాళ్లు ఉంటారని ఇప్పుడు నేనే రాస్తున్నాను.

యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ 2013 డిసెంబరులో గయా అనే అంతరిక్ష టెలిస్కోపును పంపింది. 2025 జనవరి దాకా అది ఆకాశమంతా మళ్లీ మళ్లీ తిరిగి చూస్తూ నక్షత్రాల స్థానాలు కొలిచింది. 2022 జూన్‌లో వచ్చిన మూడో విడత జాబితాలో 180 కోట్లకు పైగా చుక్కలున్నాయి. ఎక్కువ వాటికి స్థానం, వెలుగు, రంగుతో పాటు ఏడాదికి ఆకాశంలో ఎటు, ఎంత జరుగుతున్నాయో కూడా రాసి ఉంటుంది. ఆ జాబితాలోంచి మనకు కావలసిన ముక్కను బ్రౌజర్లోనే అడిగి తెచ్చుకునే చోటు గయా ఆర్కైవ్. పైసా కట్టక్కర్లేదు. చిన్న చిన్న ప్రశ్నలకు ఖాతా కూడా అక్కర్లేదు.

నాకు ఇష్టమైన విషయం గోళాకార తారాగుచ్ఛాలు. లక్షల నక్షత్రాలు ఒక ఉండలా ముద్దకట్టి, గెలాక్సీ చుట్టూ తిరుగుతుంటాయి. గెలాక్సీ పళ్లేనికి అవతల పల్చగా పరుచుకున్న నక్షత్రాల గుంపును హేలో అంటారు. ఈ గుచ్ఛాల్లో చాలా వరకు ఆ హేలోలోనే ఉంటాయి. గెలాక్సీ ఎలా పెరిగిందో, ఏయే చిన్న గెలాక్సీలను మింగిందో తెలియాలంటే అక్కడే వెతకాలి.

మొదటిసారి పిల్లలతో ఒమేగా సెంటారీ అనే గుచ్ఛాన్ని తీశాను. ఏప్రిల్, మే రాత్రుల్లో మా మేడ మీద నుంచి దక్షిణాన కనిపిస్తుంది. చెయ్యి బారుగా చాపి నేల అంచు నుంచి పిడికిళ్లు పేర్చితే దాదాపు మూడు పిడికిళ్ల ఎత్తు. బైనాక్యులర్లో పత్తి ఉండలా ఉంటుంది. రాత్రి దాన్ని చూసి, మర్నాడు ల్యాబ్‌లో ఆర్కైవ్ తెరిచి అదే చోటు చుట్టూ పావు డిగ్రీ వలయం గీసి, అందులో ఉన్నవన్నీ ఇమ్మని అడిగాం. వచ్చిన జాబితాలో గుచ్ఛం నక్షత్రాలు, మధ్యదారిలో అడ్డొచ్చిన మన పాలపుంత నక్షత్రాలు అన్నీ కలిసే ఉన్నాయి. ఫొటోలో చూసి ఏది ఏదో చెప్పలేం.

అప్పుడు అడ్డంగా ఒక దిశలో జరిగే వేగం, నిలువుగా ఇంకో దిశలో జరిగే వేగం పెట్టి గ్రాఫ్ గీశాం. మిగతా చుక్కలన్నీ ఎటుపడితే అటు చెదిరి ఉన్నాయి. ఒక్కచోట మాత్రం వేల చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి నల్లటి మచ్చ అయిపోయాయి. సెకండియర్ అమ్మాయి ఒకతె స్క్రీన్ మీద వేలు పెట్టి, “మేడం, ఇవన్నీ ఒకే పక్కకి పోతాండాయి” అంది. అంతే, గుచ్ఛం విడిపడింది. ఆ మచ్చ చుట్టూ గీత గీసి లోపలివి ఉంచుకుంటే ఒమేగా సెంటారీ, బయటివి దారిన పోయేవి.

ఆ కొలత ఎంత సన్నదో పిల్లలకు ఇలా చెప్పాను. ఆ గుచ్ఛం ఏడాదికి సుమారు ఏడున్నర మిల్లీ ఆర్క్ సెకండ్లు జరుగుతుంది. ఒక మిల్లీ ఆర్క్ సెకండ్ అంటే ఇక్కడి నుంచి ఢిల్లీ ఎంతో దానికి రెండున్నర రెట్ల దూరంలో పెట్టిన రూపాయి బిళ్ల మనకు కనిపించేటంత. గయా ఆ జరుగుడును అందులో చిన్న వంతు దాకా పట్టగలదు. ఆ లెక్క ఒక ఊళ్లో డిగ్రీ చదివే పిల్ల ముందుకు ఉచితంగా వచ్చి వాలిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

విడదీసిన నక్షత్రాల రంగు, వెలుగు గ్రాఫ్ గీస్తే ఇంకో పాఠం దొరికింది. అదే అమ్మాయి అడిగింది: “ఒక గుచ్ఛంలోవన్నీ ఒకేసారి పుట్టినాయి అని చెప్పినారు కదా మేడం, మరి ఈ కొమ్మ ఇంత లావుగా ఎందుకుండాది?” సరైన ప్రశ్న. మామూలు గుచ్ఛాల్లో పెద్ద ఎర్ర నక్షత్రాల కొమ్మ సన్నగా గీసినట్టు ఉంటుంది. ఒమేగా సెంటారీలో వెడల్పుగా పరుచుకుంటుంది, ఎందుకంటే అందులో ఇనుము పాళ్లు వేర్వేరుగా ఉన్న నక్షత్రాల తరాలున్నాయి. అందుకే ఇది గుచ్ఛం కాదనీ, పాలపుంత ఎప్పుడో మింగేసిన చిన్న గెలాక్సీ నడిగుండె అనీ చాలామంది శాస్త్రవేత్తల నమ్మకం. దీన్నుంచి రాలిన నక్షత్రాల చార ఒకటి హేలోలో సాగి ఉందని 2019లో గయా లెక్కలతోనే పట్టుకున్నారు. ఆ చార పేరు ఫింబుల్‌థుల్.

ఇక ఇబ్బందుల సంగతి. గుచ్ఛం నడిమధ్యన నక్షత్రాలు బాగా కిక్కిరిసి ఉంటాయి. మూడో విడత జాబితాలో అక్కడ ఖాళీలు కనిపిస్తాయి, కొలతల్లో నమ్మకం కూడా తగ్గుతుంది. 2023 అక్టోబరులో ఒమేగా సెంటారీ నడిభాగానికి విడిగా ఇంకో పట్టిక ఇచ్చారు, అందులో 5 లక్షలకు పైగా కొత్త నక్షత్రాలు చేరాయి. కానీ అది వేరే పేరుతో వేరే చోట ఉంటుంది, చెప్పకపోతే కొత్తవాళ్లకు కనపడదు. నడిభాగం మీద పని చేసేవాళ్లు ముందు దాన్ని వెతుక్కోండి.

ఏడీక్యూఎల్ అనే ప్రశ్నల భాష నేర్చుకోవాలి. డేటాబేస్ తెలిసిన కంప్యూటర్స్ పిల్లలకు అరగంట పని, ఫిజిక్స్ పిల్లలకు రెండు మధ్యాహ్నాలు పట్టింది. వచ్చిన ఫలితాన్ని మామూలు షీట్‌లో తెరవొచ్చుగానీ లక్ష వరుసలు దాటితే మా కంప్యూటర్లు మొరాయిస్తాయి. ఉచితంగా దొరికే టాప్‌క్యాట్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకున్నాక ఆ బాధ పోయింది. గ్రాఫ్ మీద చేత్తో వలయం గీసి చుక్కలు ఏరుకోవడం అందులోనే సులువు. ఖాతా తెరుచుకోవడం మాత్రం మంచిది. పెద్ద ప్రశ్న వాళ్ల సర్వర్ మీద నడుస్తుంటుంది కాబట్టి మధ్యలో మాకు కరెంటు పోయినా, వచ్చాక లాగిన్ అయి చూస్తే ఫలితం అక్కడే ఉంటుంది. మా ఊరికి అది చిన్న విషయం కాదు.

అసలు హద్దు పక్క గెలాక్సీల దగ్గర వస్తుంది. ఆండ్రోమెడా 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం. దాని హేలోలోని విడి నక్షత్రాలు చాలా వరకు గయా చూపుకు అందనంత మసక. వాటి కోసం హవాయిలో ఉన్నలాంటి పెద్ద టెలిస్కోపుల లెక్కలే దిక్కు. అయితే గుచ్ఛాలు అందుతాయి. ఆండ్రోమెడా నడుమ నుంచి సుమారు రెండున్నర డిగ్రీల అవతల జీ1 అని పెద్ద గుచ్ఛం ఉంది. జాబితాలో దాని వరుస తీసి పక్క నక్షత్రాల వరుసలతో పోల్చాం. నీలం, ఎరుపు వెలుగుల మొత్తాన్ని అసలు వెలుగుతో పోల్చే గడి ఒకటుంది. ఆ అంకె పక్క నక్షత్రాలకంటే దీనికి బాగా ఎక్కువ. నక్షత్రం ఒక బిందువు, గుచ్ఛానికి కాస్త వెడల్పుంటుంది. వెడల్పున్నదానికి రంగుల కొలత చుట్టుపక్కల వెలుగును కూడా పోగేసుకుంటుంది, అందుకే ఆ తేడా. ఈ కిటుకుతోనే 2020లో శాస్త్రవేత్తలు సెంటారస్ ఎ గెలాక్సీ హేలోలో 600కు పైగా కొత్త గుచ్ఛాలను అనుమానించి జాబితా కట్టారు. 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని గెలాక్సీ అది. మన ఆకాశంలో ఒమేగా సెంటారీకి నాలుగున్నర డిగ్రీలే పైన, అంటే అర పిడికిలి.

అది విన్నప్పటి నుంచి ఆ అమ్మాయి సెంటారస్ ఎ చుట్టూ తనే వెతుకుతానని పట్టుబట్టింది. వెతుకుతోంది. ఏరిన వాటిలో చాలా వరకు దూరపు గెలాక్సీలు గానీ, జంట నక్షత్రాలు గానీ అవుతున్నాయి. వాటిని ఎలా వదిలించుకోవాలో రంగు చూసి, జరుగుడు చూసి నేర్చుకుంటోంది. గయా ఒక్కటే చాలదనీ, చివరికి పెద్ద టెలిస్కోపుతో వెలుగును రంగులుగా విడదీసి వర్ణపటం తీస్తేగాని తేలదనీ తనకే అర్థమైంది.

నా రేటింగ్ 5కి 4.5. ఆ అర తగ్గించింది సాయం పేజీల వల్ల. అవి పరిశోధకుల కోసం రాసినవి, మొదటిసారి వచ్చే డిగ్రీ విద్యార్థి చెయ్యి పట్టుకుని నడిపించవు. నాలుగో విడత 2026 డిసెంబరుకు అనుకుంటున్నారు. అందాకా మొదలుపెట్టేవాళ్లు 201.7, మైనస్ 47.48 (ఆకాశంలో ఒమేగా సెంటారీ ఉన్న చోటు, డిగ్రీల్లో) దగ్గర పావు డిగ్రీ వలయంతో, 17వ తరగతి వెలుగు కంటే మసకవి (అంకె పెరిగేకొద్దీ మసక) వదిలేసి ప్రయత్నించండి. మా ల్యాబ్ లాంటి పాత కంప్యూటర్లు కూడా దాన్ని తట్టుకుంటాయి.